లెక్క చెప్పని అధికారం

అవినీతిని ఖండించని నాయకుడు ఈ దేశంలో లేడు. అవినీతిని అంతమొందిస్తామన్న వాగ్దానం లేని ఎన్నికల ప్రణాళికా లేదు. ఏటేటా అక్టోబరు, నవంబరు మాసాల సంధికాలంలో మన కార్యాలయాలన్నింటిలో విజిలెన్స్ వారోత్సవం జరుగుతుంది. ట్రాక్‌మన్ మొదలు జనరల్ మేనేజరు వరకు, గ్రామీణ డాక్ సేవక్ మొదలు చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ వరకు అందరూ నిలబడి నిజాయితీ ప్రతిజ్ఞ చేస్తారు. ప్రతిజ్ఞ ముగియగానే ఎవరి బల్లవద్దకు వారు పోతారు. ఫైళ్లు మునుపటి దారినే నడుస్తాయి.

ఇన్ని ప్రతిజ్ఞల తరువాత కూడ ఈ జబ్బు ఎందుకు తగ్గుట లేదు? మనిషి స్వభావమే అంత అని కొందరు చేతులు దులుపుకొంటున్నారు. ప్రజలే లంచం ఇచ్చి అలవాటు చేసినారని మరికొందరు నేరాన్ని బాధితునిపైకి నెట్టుతున్నారు. ఈ రెండు వాదనలను మేము తిరస్కరిస్తున్నాము. అధికారం చేతికి వచ్చిన ప్రతి మనిషీ చెడిపోడు. అయితే ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని అధికారం ఎంతటి మంచివానినైనా ఒకనాటికి చెడగొట్టగలదు. మంచివాడు చెడకపోయినా అతని తరువాత ఆ కుర్చీలోకి వచ్చినవాడు చెడుతాడు. కనుక ప్రశ్న మనుష్యుల గుణగణాలను గూర్చినది మాత్రమే కాదు. ఆ కుర్చీని ఎవరు ప్రశ్నించగలరన్నదే అసలు ప్రశ్న.

ఈ మాటను నిరూపించడానికి రైలుమార్గం లేని ఒక దూరప్రాంతానికి పాఠకులను తీసుకొనిపోదలచినాము.

సిప్పీఘాట్ మళ్లు

దక్షిణ అండమాన్‌లో, 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయ పురమని పిలువబడుతున్న పోర్ట్‌బ్లెయిరుకు సుమారు 14 కిలోమీటర్ల దూరంలో సిప్పీఘాట్ ఉన్నది. లవంగం, జాజికాయ, మిరియం, దాల్చినచెక్క పెంచే ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం వలన ఆ ఊరికి పేరు వచ్చినది. ఆ ద్వీపాలు మన తెలుగువారికి పరాయివి కావు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వలసపోయిన మత్స్యకారులు, కూలీలు, చిన్న ఉద్యోగులు అక్కడ తరాలుగా స్థిరపడినారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి ప్రతి నూరుమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వారు ఇంటికి పంపుకొన్న మనీయార్డర్లను ఉత్తరాంధ్ర పల్లెలలో గడపగడపకు అందించినవారు మన తపాలా సోదరులే.

2004 డిసెంబరు 26న భూకంపం వచ్చినప్పుడు ఆ ప్రాంతపు నేల దాదాపు ఒక మీటరు క్రుంగినది. సునామీ అల వచ్చిపోయినది. క్రుంగిన నేల మాత్రం తిరిగి లేవలేదు. సిప్పీఘాట్ పల్లపు భూములలో, వరి పండిన మళ్లలో, సముద్రపు పోటునీరు చేరి నిలిచిపోయినది. నేడు యాత్రికులు అక్కడికి నీటిపక్షులను చూడబోతారు. ఆ పక్షులు తిరుగుతున్న నీటి అడుగున ఒకరి గట్టు, ఒకరి మడి, ఒకరి సంవత్సరపు తిండిగింజలు ఉన్నవి.

నేల క్రుంగినందుకు ఏ అధికారినీ నిందించలేము. కాని అల వెనుకకు పోయిన మరునాటి నుండి జరిగినదంతా మనుష్యుల చేతిలోనిదే. ఎవరి పొలం ఎంత మునిగినది, ఎవరికి ఎన్ని కొబ్బరిచెట్లు పోయినవి, ఎవరికి ఇల్లు రావాలి, ఎవరు ఎన్నాళ్లు రేకుల షెడ్డులో ఉండాలి అన్న నిర్ణయాలన్నీ ఒక జాబితాలో పేరు ఎక్కడంపై ఆధారపడినవి. ఉష్ణమండలపు ఎండలో రేకులతో కట్టిన తాత్కాలిక నివాసాలు కొలిమివలె మండినవని అక్కడ ఉన్నవారు మొరపెట్టుకొన్నారు. సర్వస్వం కోల్పోయిన ద్వీపవాసులు కొందరికి నష్టపరిహారంగా రెండు రూపాయల చెక్కులు వచ్చిన వార్తను ఆ తరువాతి కాలంలో పత్రికలు ప్రపంచానికి తెలిపినవి.

రెండు రూపాయలు! ఆ చెక్కును బ్యాంకులో వేయడానికి పోయివచ్చే దారిఖర్చుకు కూడ ఆ మొత్తం చాలదు. ఆ చెక్కు వ్రాసిన గుమాస్తా దొంగ అని మేము అనుట లేదు. బహుశా అతడు పైనుండి వచ్చిన పట్టికను చూచి అంకెలు నింపి ఉంటాడు. పట్టిక తయారుచేసినవాడు నిబంధనను చూపుతాడు. నిబంధన వ్రాసినవాడు ఢిల్లీలో ఉంటాడు. ఇందులో ఏ ఒక్కరూ ఆ రైతు ఎదుట నిలబడి, నీ నష్టాన్ని మేము ఈ విధంగా లెక్కకట్టినామని చెప్పవలసిన అవసరం లేకపోయినది. లంచం పుచ్చుకొన్నవాడు ఒక్కడే అవినీతిపరుడని మనం అనుకొంటాము. రెండు రూపాయలకు సంతకం చేసి నిశ్చింతగా నిద్రపోగల నిర్లక్ష్యం కూడ ఆ లంచానికి తోబుట్టువే. ఆ రెంటినీ కన్నతల్లి అడిగేవాడు లేని అధికారం.

ద్వీపాలకు అంటిన పాత జబ్బు

అడిగేవాడు లేని అధికారం అండమానుకు సునామీతో వచ్చినది కాదు. ఆ పరిపాలన పుట్టినదే అట్టి అధికారం నుండి. 1857 తిరుగుబాటు తరువాత, 1858 మార్చిలో బ్రిటిషువారు తిరుగుబాటుదారులతో సహా ఖైదీలను అక్కడికి చేర్చి శిక్షా నివేశాన్ని స్థాపించినారు. 1896లో మొదలైన సెల్యులర్ జైలు నిర్మాణం 1906లో పూర్తి అయినది. నాలుగు దిక్కులా సముద్రం ఉండగా అక్కడ జరిగే దానిని చూడగల న్యాయవాది, పత్రికా రచయిత, బంధువు ఒక్కరు కూడ లేరు. జైలరు డేవిడ్ బారీ పోర్ట్‌బ్లెయిరుకు తానే దేవుడనని ఖైదీలతో చెప్పుకొనేవాడని అక్కడ శిక్ష అనుభవించిన వారి స్మృతులు తెలుపుతున్నవి. మనిషిని ఎద్దువలె గానుగకు కట్టి రోజుకు 30 పౌనుల కొబ్బరినూనె తీయించినారు. ఇందుభూషణ్ రాయ్ 1912లో ఉరివేసుకొన్నాడు. ఉల్లాస్‌కర్ దత్ మతి చలించి పిచ్చాసుపత్రి పాలైనాడు. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర ప్రాణాలు కోల్పోయినారు.

ఇందులో మన ఉద్యోగులు ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ జైలును తెల్లదొరలు తమ చేతులతో నడుపలేదు. ఖైదీలలో నుండే కొందరిని ఎంచి టిండాలు, జమాదారు, పెట్టీ ఆఫీసరు అన్న పదవులు ఇచ్చినారు. నిన్నటివరకు అదే గానుగను త్రిప్పినవాడు నేడు చేతికర్ర పట్టుకొని తోటి ఖైదీని కొట్టినాడు. సులభమైన పని కావాలన్నా, దెబ్బ తప్పించుకోవాలన్నా వానిని ప్రసన్నం చేసుకోవలసివచ్చినది. వాడు పుట్టుకతో క్రూరుడు కాకపోవచ్చును. క్రిందివానికి జవాబు చెప్పనక్కరలేదు, పైవానిని తృప్తిపరిస్తే చాలు అన్న ఏర్పాటే వానిని ఆ విధంగా తయారుచేసినది. 1919-20లో పనిచేసిన భారత జైళ్ల కమిటీ సైతం ఈ ద్వీపాంతరవాస పద్ధతిని ఆపివేయమని సిఫారసు చేయక తప్పలేదు. అయినా రాజకీయ ఖైదీలను అక్కడికి పంపడం 1930ల వరకు సాగినది.

పాలకుడు మారినంతమాత్రాన కూడ ఆ నేలకు విముక్తి రాలేదు. 1942 మార్చిలో బ్రిటిషువారు పోయి జపాను సైన్యం వచ్చినది. ఆసియా ప్రజల విమోచకులమని చెప్పుకొన్న ఆ సైన్యమే 1944 జనవరి 30న హంఫ్రీగంజ్ వద్ద 44 మందిని గూఢచారులన్న అనుమానంతో కాల్చిచంపినది. చనిపోయినవారు భారత స్వాతంత్ర్య సంఘానికి చెందినవారు. జెండా మారినది, భాష మారినది, నినాదం మారినది. అయినా విచారణ లేకుండ ప్రాణం తీయగల అధికారం మారలేదు.

మన్యం కూలి

ఈ కథకు మన తెలుగునేలలో మొదలు ఉన్నది. 1920ల ఆరంభంలో విశాఖ ఏజెన్సీలో నర్సీపట్నం నుండి చింతపల్లికి కొండరోడ్డు వేయిస్తున్నారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులచేత బలవంతపు చాకిరి చేయించినాడు. కూలి పేరుతో చాలీచాలని డబ్బులు విదిల్చినాడు. బాస్టియన్ గవర్నరు కాదు, కలెక్టరు కూడ కాదు. పాలనా సోపానంలో క్రింది మెట్టుమీది అధికారి. అయితే ఆ కొండలలో మస్టరు వ్రాసేది, కూలి పంచేది, ఫిర్యాదు వినేది అన్నీ అతని యంత్రాంగమే. దొంగయే లెక్కలు వ్రాస్తూ, దొంగయే తీర్పు చెప్పే చోట న్యాయం ఎక్కడినుండి వస్తుంది? పోడు వ్యవసాయంపై అటవీ చట్టాల ఆంక్షలకు ఈ కూలిదోపిడి తోడై, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనుపై దాడితో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన రంప తిరుగుబాటు బద్దలైనది. 1924 మే 7న రాజును కాల్చిచంపినారు. ఆయన అనుచరులలో పలువురు అండమానుకు పంపబడినారు. వారిలో ఒకరైన గాం మల్లుదొర స్వతంత్ర భారతంలో 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు.

క్రింది మెట్టుమీది ఒక అధికారి కాజేసిన కూలిడబ్బులు ఎక్కడికి దారితీసినవో పాఠకులు గమనించగోరుతున్నాము. మస్టరు రోలులోని దొంగలెక్క చిన్న విషయమని ఎవరైనా అన్నప్పుడు ఈ చరిత్రను గుర్తుచేయండి.

నేటి ద్వీపం

ఆ పరాయి ప్రభుత్వం పోయి ఏడున్నర దశాబ్దాలు దాటినది. అయినా అండమాన్ నికోబార్ దీవులకు నేటికీ శాసనసభ లేదు. ఢిల్లీ నియమించిన లెఫ్టినెంట్ గవర్నరు, ఢిల్లీ నుండి వచ్చిపోయే ఉన్నతాధికారులు అక్కడ పాలన సాగిస్తారు. ప్రజలు ఎన్నుకొనే లోక్‌సభ సభ్యుడు ఒక్కడే. పంచాయతీలున్నా పాలనాయంత్రాంగం వాటికి జవాబుదారీ కాదు. ప్రభుత్వమే ద్వీపాలలో పెద్ద యజమాని. ఉద్యోగం, భూమి, ఓడ టిక్కెట్టు, లైసెన్సు అన్నీ ఆ కార్యాలయాల తలుపులనుండియే రావాలి.

ఇట్టి ఏర్పాటులో ఏమి జరుగగలదో ఇటీవలి కాలం చూపినది. ప్రభుత్వోద్యోగం ఆశచూపి తనపై అత్యాచారం జరిపినారని 21 సంవత్సరాల యువతి ఒకరు చేసిన ఫిర్యాదుపై, ఆ పాలనాయంత్రాంగానికి అంతకుముందువరకు ప్రధాన కార్యదర్శిగా ఉన్న అధికారి 2022 అక్టోబరులో సస్పెండు అయి, నవంబరులో అరెస్టు అయినాడు. తరువాత బెయిలు పొందినాడు. ఆ కేసులో నిందితులుగా చేర్చబడినవారిలో కార్మిక కమిషనరు పదవిలో ఉన్న అధికారి కూడ ఉన్నాడు. 2025లో అండమాన్ నికోబార్ రాష్ట్ర సహకార బ్యాంకు నుండి డొల్ల కంపెనీల పేర వందల కోట్ల రూపాయల రుణాలు మళ్లించినారన్న ఆరోపణపై, ఆ బ్యాంకు పాలకమండలిలో పెద్ద పదవి వహించిన మాజీ లోక్‌సభ సభ్యుడు జూలైలో అరెస్టు అయినాడు. ఈ కేసులలో దోషులెవరో తేల్చవలసినది న్యాయస్థానాలు. ఆ తీర్పు మేము చెప్పబోము. అయితే ఒక సంగతి తీర్పుకోసం ఆగనక్కరలేదు. ఉద్యోగం హక్కుగా, పరీక్షద్వారా, బహిరంగ జాబితాద్వారా వచ్చేచోట ఏ అధికారీ దానిని ఎరగా చూపలేడు. రుణాల జాబితాను సభ్యులు చదువగలిగిన సహకార బ్యాంకులో డొల్ల కంపెనీ ఎక్కువకాలం నిలువలేదు.

న్యాయస్థానపు ఉత్తర్వును కూడ దూరం మింగివేయగలదు. జారవా ఆదివాసుల అభయారణ్యం గుండా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు భాగాలను మూసివేయవలెనని సుప్రీంకోర్టు 2002 మే నెలలో ఆదేశించినది. రోడ్డు మూతపడలేదు. పర్యాటకుల వాహనాలు బారులుగా నడిచినవి. 2012లో ఒక దృశ్యచిత్రం ప్రపంచమంతటా ప్రసారమైనది. తిండి ఆశచూపి జారవా స్త్రీలచేత పర్యాటకులముందు నృత్యం చేయించిన దృశ్యమది. వారిని కాపాడవలసిన పోలీసులే లంచానికి లొంగినారని ఆ వార్త వ్రాసిన పత్రిక ఆరోపించినది. కంచె చేనును మేయడమన్న మన సామెతకు ఇంతకంటె బాధాకరమైన ఉదాహరణ అరుదు.

మూడు దొంగ మందులు

ఈ జబ్బుకు పాలకులు మూడు మందులు చెబుతున్నారు. మూడూ జబ్బును పెంచేవే.

మొదటి మందు: చిన్న చేపను పట్టుకొనుట. టిక్కెట్టు కలెక్టరు, సార్టింగ్ అసిస్టెంటు, గుమాస్తా వలలో పడుతారు. పట్టుబడిన దోషిని మేము సమర్థించము. ఒక పేదవాని పింఛనులో పది రూపాయలు కోసుకొన్నవాడు మన సభ్యుడైనా సరే, సంఘం గొడుగు క్రింద అతనికి చోటు ఉండరాదు. కాని పై మెట్ల సంగతి ఏమిటి? 2013 మే నెలలో రైల్వే బోర్డు సభ్యుడొకరిని, నాటి రైల్వేమంత్రి మేనల్లుని సి.బి.ఐ. అరెస్టు చేసినది. బోర్డులో తాను కోరిన పదవికోసం ఆ సభ్యుడు పెద్ద మొత్తం లంచంగా ఇవ్వజూపినాడన్నది ఆరోపణ. మంత్రి రాజీనామా చేసినాడు, ఆయనపై అభియోగపత్రం దాఖలు కాలేదు. ఏ ఒక్కరి నేరాన్నీ మేము ఇక్కడ నిర్ధారించుట లేదు. ఒక పదవికి ఆ ధర పలుకుతుందని నమ్మదగిన స్థితి ఏర్పడినదంటే, ఆ పదవి చేతిలోని టెండర్లపై ఎంత చీకటి ఉన్నదో ఊహించుకొనవచ్చును. ఆ చీకటికి దీపం పెట్టకుండ క్రింది ఉద్యోగి జేబులు తడిమితే ఫలితం ఏమి?

రెండవ మందు: బలమైన పాలకుడు. అన్ని అధికారాలు ఒక్కనికే ఇస్తే అతడు దేశాన్ని శుద్ధిచేస్తాడట! ఈ మందును రైల్వే, తపాలా ఉద్యోగులు రుచిచూచినారు. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన చారిత్రాత్మక రైల్వే సమ్మెలో వేలాది కార్మికులను జైళ్లలో పెట్టినారు. రైల్వే క్రమశిక్షణా నియమావళిలోని 14(ii)ని ప్రయోగించి విచారణ లేకుండానే ఉద్యోగాలు ఊడబెరికినారు. క్వార్టర్ల నుండి కుటుంబాలను గెంటివేసినారు. మరుసటి సంవత్సరం జూన్ 25న అదే పద్ధతి దేశమంతటికీ అమలైనది. ఎమర్జెన్సీలో రైళ్లు వేళకు నడిచినవని నేటికీ కొందరు చెబుతారు. రైళ్లను నడిపినది ఎమర్జెన్సీ కాదు, అంతకుముందూ ఆ తరువాతా నడిపిన కార్మికులే. పత్రికల నోరు మూసినందున తప్పులు కనబడకపోవచ్చునుగాని, జరుగకపోలేదు. 1977లో నియమింపబడిన షా కమిషను వాటిని ఒక్కొక్కటిగా వెలికితీసినది. విచారణ లేకుండ శిక్షించే అధికారం అవినీతిపరుని భయపెట్టదు. నిజం చెప్పేవానినే అది భయపెడుతుంది.

మూడవ మందు: ప్రైవేటీకరణ. ప్రభుత్వం చేతిలో ఉన్నందుననే అవినీతి ఉన్నది, యజమానికి అప్పగిస్తే పోతుంది అని ఉపదేశిస్తున్నారు. హైదరాబాదు నడిబొడ్డున 2009 జనవరి 7న ఏమి జరిగినది? సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు తన కంపెనీ లెక్కలలో వేల కోట్ల రూపాయలు లేనివి ఉన్నట్లు చూపబడినవని స్వయంగా లేఖ వ్రాసినాడు. పేరుమోసిన ఆడిటర్లు, మేధావులతో నిండిన డైరెక్టర్ల బోర్డు, అవార్డులు అన్నీ ఉండగా ఆ దొంగలెక్కలు సంవత్సరాల తరబడి సాగినవి. 2015 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆయనకు, మరికొందరికి శిక్ష విధించినది. ప్రభుత్వ కార్యాలయాన్ని అడగడానికి పౌరునికి సమాచారహక్కు చట్టం ఉన్నది. ప్రైవేటు యజమానిని అడగడానికి ఆ మాత్రపు హక్కు కూడ లేదు. అడిగే హక్కును తీసివేసి అవినీతిని తగ్గిస్తామనడం దీపం ఆర్పి దొంగను వెదకడం వంటిది.

సమాజానికి జరిగే నష్టం

అవినీతి వలన ప్రభుత్వ ధనం పోతుందని అందరికీ తెలుసును. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. హక్కు దయగా మారిపోతుంది. తనకు రావలసిన పింఛనుకోసం, పరిహారంకోసం, ఉద్యోగంకోసం చేతులు కట్టుకొని నిలబడిన మనిషి కొంతకాలానికి తాను పౌరుడనన్న మాటనే మరచిపోతాడు. ఎవరిని పట్టుకొంటే పని అవుతుందన్నది అతని మొదటి ప్రశ్న అవుతుంది. అతని పిల్లలు అదే నేర్చుకొంటారు. అందరూ మధ్యవర్తులను వెదుకుకొనేచోట సంఘటితంగా పోరాడేవారు ఎక్కడినుండి వస్తారు?

రెండవ నష్టం, నిజాయితీపరుడు ఒంటరి కావడం. స్వర్ణ చతుర్భుజి రహదారి పనులలో అక్రమాలను ప్రధానమంత్రి కార్యాలయానికి వ్రాసి తెలిపిన ఇంజనీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో గయలో హత్యకు గురైనాడు. అట్టివారిని రక్షిస్తామని పార్లమెంటు చేసిన చట్టానికి 2014లో రాష్ట్రపతి ఆమోదం లభించినది. కాని సంవత్సరాలు గడిచినా దానిని అమలులోకి తేలేదు. దొంగను పట్టడానికి యంత్రాంగాలు ఎన్నో ఉన్నవి. దొంగను చూపినవానిని కాపాడడానికి చట్టం కాగితంపైననే ఉన్నది.

మూడవ నష్టం మన ఉద్యోగాలకే ముప్పు. కౌంటరువద్ద అవమానింపబడిన ప్రయాణికుడు, పాసుపుస్తకంలో మోసపోయిన పల్లెటూరి ముసలమ్మ రేపు మన సమ్మెకు మద్దతు ఇస్తారా? రైల్వేలను, తపాలాను తెగనమ్మబూనినవారికి మనలోని ప్రతి లంచగొండీ ఉచితంగా ప్రచారం చేసిపెడుతున్నాడు.

మస్టరు గోడమీదికి రావాలి

మరి నిజమైన మందు ఏది? అది మన రాష్ట్రంలోనే ఆచరణలో కనబడినది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం క్రింద పనులు మొదలైనప్పుడు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పని చేయించేవానిని, కూలి చెల్లించేవానిని వేరుచేసినారు. మొదటి సంవత్సరాలలో కూలి ప్రధానంగా తపాలా ఖాతాలద్వారా చెల్లింపబడినది. 2006 నుండి సామాజిక తనిఖీ మొదలైనది. దానిని నడుపడానికి 2009లో ప్రత్యేక సంస్థ ఏర్పడినది. కూలీల ఇండ్లలోని చదువుకొన్న యువకులు, యువతులు మస్టరు రోళ్లను గ్రామసభలో బిగ్గరగా చదివినారు. పనికి రానివారి పేర్లు, చనిపోయినవారి పేర్లు, రెండుసార్లు వ్రాసిన పేర్లు బయటపడినవి. సంతకం చేసిన ఉద్యోగి ఆ సభలోనే జవాబు చెప్పవలసివచ్చినది. కొన్నిచోట్ల కూలిలో కోత పెట్టిన బ్రాంచి పోస్టుమాస్టర్లు కూడ దొరికినారు. ఇది మనకు బాధ కలిగించే సంగతియే. అయినా దాచవలసినది కాదు.

గమనించండి. ఒకనాడు బాస్టియన్ కూలి కాజేసిన ఏజెన్సీలో కూడ ఈ తనిఖీ జరిగినది. 1922లో ఆ గిరిజనునికి లెక్క అడిగే వేదిక లేదు. విల్లు, బాణం పట్టవలసివచ్చినది. లెక్క అడిగే హక్కు దొరికిననాడు అతని మనుమడు సభలో లేచి అడిగినాడు. మనుష్యుల స్వభావం ఈ మధ్యలో మారలేదు. లెక్క గోడమీదికి వచ్చినది, అంతే.

ఆ సామాజిక తనిఖీ కూడ చాలాచోట్ల తూతూమంత్రంగా మారినదని, కనుగొన్న సొమ్ములో ఎక్కువభాగం తిరిగి వసూలు కాలేదని చెప్పేవారు ఉన్నారు. ఆ విమర్శలో నిజం ఉన్నది. అడిగే హక్కు ఒకసారి సంపాదిస్తే చాలదు, రోజూ వాడకపోతే త్రుప్పు పడుతుంది. సమాచారహక్కు చట్టానికి 2019లో, 2023లో చేసిన సవరణలు ఆ త్రుప్పును పాలకులే పూయగలరని చూపినవి. అందువలననే ఈ పని సంఘటిత కార్మికులదని మేము అంటున్నాము. ఒంటరి పౌరుడు అలసిపోతాడు. సంఘం అలసిపోరాదు.

కనుక మన కోరికలు ఇవి. మన శాఖలలో కాంట్రాక్టు పనులన్నింటి మస్టర్లు, చెల్లించిన కూలి, గుత్తేదారు పేరు పనిచోటునే బోర్డుపై వ్రాయాలి. బదిలీలు, క్వార్టర్ల కేటాయింపు, కారుణ్య నియామకాల జాబితాలు వరుసక్రమంతో బహిరంగంగా ప్రకటించాలి. అక్రమాలను వెల్లడించిన ఉద్యోగిని రక్షించే చట్టాన్ని అమలుచేయాలి. విచారణ లేకుండ ఉద్యోగం తీసివేసే నిబంధనలను రద్దుచేయాలి. శాసనసభ లేని ప్రాంతాలలో అధికారులు ప్రజాప్రతినిధుల ఎదుట, ప్రజల ఎదుట జవాబు చెప్పే ఏర్పాటు కావాలి. సిప్పీఘాట్ రైతుకు పరిహారం ఎట్లా లెక్కకట్టబడినదో అతని భాషలో, అతని చేతికి కాగితం రావాలి.

ఈ సూత్రం సంఘానికి వర్తించదని ఎవరైనా అనుకొంటే పొరపాటు. సంఘం పదవి కూడ అధికారమే. చందా డబ్బు కూడ ప్రజాధనమే. పది సంవత్సరాలు ఒకే కుర్చీలో కూర్చున్న కార్యదర్శి, ఆడిటు జరుగని ఖాతా, బదిలీలకు సిఫారసు చీటీలు వ్రాసే నాయకుడు ఉన్నచోట తిలాపాపం తలా పిడికెడు పంచుకొన్నట్లే. యాజమాన్యాన్ని లెక్క అడుగబోయే ముందు ప్రతి శాఖ తన జమాఖర్చులను సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించాలి. అడిగిన సభ్యునిపై కోపగించరాదు. అతడే సంఘానికి నిజమైన కాపలాదారు.

సోదర ఉద్యోగులారా! ఈ బులెటిన్ మీ చేతికి అందిన నెలలోనే ఒక పని చేయండి. మీ డిపోలో, మీ సెక్షనులో, మీ పోస్టాఫీసులో ఏ లెక్క ఎవరికీ చూపబడుట లేదో గుర్తించండి. ఇద్దరు ముగ్గురు కలిసి వ్రాతపూర్వకంగా దానిని అడుగండి. జవాబు రాకపోతే శాఖ తీర్మానంగా పంపండి. అప్పటికీ రాకపోతే ఫెడరేషనుకు వ్రాయండి. ఒక మస్టరు, ఒక టెండరు, ఒక జాబితా బయటికి వచ్చినా సరే, అంతమేరకు ఆ కుర్చీ మనకు జవాబుదారీ అయినట్లే.